గురక పరీక్షకు మత్తిస్తామంటున్నారు, ఒప్పుకోవాలా?

ఆదోని నుంచి ఒక సోదరి పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. భర్తకు 47 ఏళ్లు, సొంత లారీ ఉంది. పత్తి సీజన్‌లో బేళ్లు వేసుకొని గుంటూరు పోయివస్తుంటారు. వారంలో మూడు నాలుగు రాత్రులు క్యాబిన్‌లోనే పడక. ఇంట్లో పడుకున్న రాత్రి పెద్ద గురక, ఉన్నట్టుండి గురక ఆగిపోవడం, కాసేపటికి ఉలిక్కిపడి గాలి పీల్చుకోవడం. "గురక ఆగినప్పుడే నాకు భయం. లేచి కూర్చొని ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తా. మళ్లీ మొదలయ్యాక గానీ నా ప్రాణం కుదుటపడదు" అని రాశారు.

పోయిన సంక్రాంతి ముందు నంద్యాల దాటాక గిద్దలూరు ఘాట్‌లో ఆయనకు కునుకు పట్టింది. క్లీనర్ కేక వేయబట్టి లారీ గోడను రాసుకొని ఆగింది. ఆ తర్వాతే కర్నూలులో స్లీప్ స్టడీ (రాత్రి నిద్రలో ఊపిరిని, ఆక్సిజన్‌ను కొలిచే పరీక్ష) చేయించారు. గంటకు 42 సార్లు ఊపిరికి అడ్డు పడుతోందని, రక్తంలో ఆక్సిజన్ 74 శాతం దాకా పడిపోతోందని తేలింది. నిద్రలో మాస్కు ద్వారా ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మిషన్‌ను అప్పు చేసి కొన్నారు. ముక్కు ఎండిపోతోందని, మాస్కు పెడితే ఊపిరాడనట్టు ఉందని, కరెంటు పోతే మరీ భయమని నెలన్నరకే అది బీరువా ఎక్కింది. ఇప్పుడు చెవి ముక్కు గొంతు డాక్టరు "కొంచెం మత్తిచ్చి, నిద్రలో గొంతులోకి కెమెరా పెట్టి చూద్దాం" అని వచ్చే గురువారానికి రమ్మన్నారు. ఇంకో డాక్టరు అవేవీ వద్దు, అంగిలి వెనక కొంత, కొండనాలుక కొంత తీసేస్తే సరిపోతుందన్నారు. అత్తగారు దేనికీ ఒప్పుకోవడం లేదు. వాళ్ల బంధువుల అబ్బాయి ఒకరు అపెండిక్స్ ఆపరేషన్‌కు మత్తిస్తే మళ్లీ లేవలేదట. "నిద్రలో ఊపిరి ఆగే మనిషికి మందు పెట్టి నిద్రపుచ్చుతారా? నా కొడుకు మీద ప్రయోగాలా? కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడుతుంది" అని ఏడుస్తున్నారట. భర్త మాత్రం "నువ్వెట్ల చెప్తే అట్ల" అని భారమంతా ఈమె మీద వేశారు.

అమ్మా, మీ అత్తగారి ప్రశ్న చాలా సరైన ప్రశ్న. నేను మత్తు డాక్టరును. నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్న మనిషికి మత్తివ్వడమంటే మాకూ జాగ్రత్త పడాల్సిన పనే. దాని గురించి వివరంగా చెప్తాను. అంతకన్నా ముందు విప్పాల్సిన ముడి ఇంకొకటుంది.

"ఇన్ని పరీక్షలయ్యాక మళ్లీ ఇదెందుకు, జబ్బు ఉందో లేదో ఇంకా తేలలేదా?" అని అడిగారు. జబ్బు ఎప్పుడో తేలింది. గంటకు 5 సార్ల లోపైతే మామూలు. 30 దాటితే తీవ్రం. మీవారిది 42. దాంట్లో అనుమానం లేదు. ఈ మత్తు పరీక్ష చెప్పేది వేరే సంగతి: గొంతు ఎక్కడ మూసుకుపోతోంది, ఎట్లా మూసుకుపోతోంది అన్నది. మెలకువగా ఉన్నప్పుడు డాక్టరు నోరు తెరిపించి చూస్తే అది తెలియదు. అప్పుడు గొంతు కండరాలు బిగువుగా ఉండి దారిని తెరిచి పెడతాయి. నిద్రపట్టగానే అవి వదులవుతాయి. మెత్తటి రబ్బరు గొట్టాన్ని నోట్లో పెట్టుకొని గట్టిగా పీలిస్తే గోడలు అతుక్కుపోతాయి కదా, ఇదీ అంతే. లోపలికి పీల్చే గాలే దారిని మూసేస్తుంది. ఆ మూసుకుపోయే చోటును కళ్లతో చూడాలంటే మనిషి నిద్రలో ఉండాలి. అర్ధరాత్రి సహజంగా నిద్రపోతున్న మనిషి ముక్కులో గొట్టం పెడితే లేచి కూర్చుంటాడు. అందుకే కొద్దిపాటి మత్తు.

ఇది మీవారి మీద చేసే ప్రయోగం కాదని అత్తమ్మకు ధైర్యంగా చెప్పొచ్చు. 1991లోనే లండన్‌లో క్రాఫ్ట్, ప్రింగిల్ అనే ఇద్దరు డాక్టర్లు ఈ పద్ధతిని రాసి పెట్టారు. అప్పటి నుంచి చాలా దేశాల్లో చేస్తున్నారు, మన దేశంలోనూ చేస్తున్నారు.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను, తెలియకపోవడం వల్లే సగం టెన్షన్. ఆపరేషన్ థియేటర్‌లోనో, అన్ని పరికరాలూ ఉన్న గదిలోనో లైట్లు తగ్గించి, మాటలు ఆపి, వెల్లకిలా పడుకోబెడతారు. వేలికి ఆక్సిజన్ క్లిప్పు, ఛాతీకి ఈసీజీ వైర్లు, చేతికి బీపీ పట్టీ ఉంటాయి. ముక్కులో చుక్కలు వేస్తారు. ఎక్కువగా వాడే మందు ప్రొపొఫాల్. పాలలా తెల్లగా ఉంటుంది. ఆపరేషన్లకు ఇచ్చినట్టు ఒక్కసారిగా ఎక్కించరు, పంపు పెట్టి కొంచెం కొంచెంగా పెంచుతూ పోతారు. కొన్నిచోట్ల మిడజోలాం, డెక్స్‌మెడిటోమిడిన్ కూడా వాడతారు. పిలిస్తే పలకడం మానేసి, మీరు రోజూ వినే ఆ గురక మొదలయ్యే దాకా ఆగుతారు. గురక మొదలయ్యాక సన్నని కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి దించి నాలుగు చోట్ల చూస్తారు: అంగిలి వెనక మెత్తటి భాగం, గొంతు పక్క గోడలు, నాలుక మొదలు, శ్వాసనాళం పైన మూతలా ఉండే ఎపిగ్లాటిస్. ప్రతి చోటా కొన్ని ఊపిరుల పాటు ఆగి, సగం మూసుకుంటోందా, పూర్తిగానా, ముందు నుంచి వెనక్కా, పక్కల నుంచా, చుట్టూ ముడుచుకుపోతోందా అని రాసుకుంటారు. ఆ తర్వాత కింది దవడను మెల్లగా ముందుకు పట్టి, దారి తెరుచుకుంటుందేమో చూస్తారు. తల పక్కకు తిప్పి కూడా చూస్తారు. చూడటం వరకు పావుగంట, ఇరవై నిమిషాల పని. మందు ఆపితే కొన్ని నిమిషాల్లోనే మెలకువ వస్తుంది.

ఇక అత్తమ్మ భయం. మత్తులో ఆక్సిజన్ పడిపోవచ్చు, ఊపిరి ఆగవచ్చు. ఆ మాట దాచి మిమ్మల్ని ఒప్పించడం నాకు ఇష్టం లేదు. కానీ ఒకటి ఆలోచించండి. ఆక్సిజన్ 74 దాకా పడటం మీ ఇంట్లో, లారీ క్యాబిన్‌లో ప్రతి రాత్రీ జరుగుతున్నదే. అక్కడ ఆక్సిజన్ అంకె చూసేవాళ్లు లేరు. ఇక్కడ ఆయన తల దగ్గరే ఒక డాక్టరు కూర్చొని ఉంటారు, తెర మీద అంకె కనిపిస్తూ ఉంటుంది. పడిపోతుంటే మందు ఆపుతారు, దవడ ఎత్తి పడతారు, ఆక్సిజన్ ఇస్తారు, అవసరమైతే మాస్కుతో ఊపిరి అందిస్తారు. ఆ ఏర్పాట్లన్నీ ఉంటేనే ఈ మాట నిజం. అందుకే ఒప్పుకునే ముందు అడగండి: మత్తు ఇచ్చేందుకు వేరే మత్తు డాక్టరు ఉంటారా, కెమెరా పట్టుకున్న డాక్టరే మత్తు కూడా చూసుకుంటారా? రెండోదైతే ఆ చోట ఒప్పుకోవద్దనే నా సలహా. అదే గదిలో శ్వాసనాళంలో గొట్టం వేసే సామాను సిద్ధంగా ఉందా అని కూడా అడగండి. ఇట్లా అడిగితే మంచి డాక్టరు ఎవరూ తప్పుగా అనుకోరు.

చనిపోయిన ఆ అబ్బాయి విషయంలో ఏం జరిగిందో మీ ఉత్తరం చదివి నేను చెప్పలేను. అయితే మత్తు డాక్టరుకు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. రక్తసంబంధంలో మత్తు వల్ల ప్రాణం పోయిందంటే దాన్ని మేము తేలిగ్గా తీసుకోం. అప్పటి ఆసుపత్రి కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే తెప్పించండి.

ఇప్పుడు అసలు ముడి. ఈ పరీక్ష జవాబు ఎవరికి పనికొస్తుంది? మిషన్ కాకుండా ఇంకో దారి వెతుక్కునే వాళ్లకు. సీపాప్ మిషన్ మూసుకుపోయే చోటు ఏదని చూడదు. గాలి ఒత్తిడితో దారి మొత్తాన్ని తెరిచి ఉంచుతుంది. 1981లో ఆస్ట్రేలియాలో కోలిన్ సలివన్ అనే డాక్టరు ఆ పద్ధతి చూపించారు, ఇప్పుడు తీవ్రమైన జబ్బుకు మొదటి వైద్యం అదే. మిషన్ కుదిరితే గొంతు ఎక్కడ మూసుకుంటోందన్నది తెలియకపోయినా నష్టం లేదు. మిషన్ కుదరకపోతే, ఆపరేషనా, పళ్లకు పెట్టే పరికరమా, ఇంకేమైనానా అని ఎంచుకోవాల్సి వస్తే, అప్పుడు ఈ పరీక్ష చాలా విలువైనది. కాబట్టి గురువారం పోవాలా వద్దా అనేదానికి ముందు తేలాల్సింది, మీవారికి మిషన్ నిజంగా కుదరలేదా అని.

మీ ఉత్తరం చదివితే నాకు అట్లా అనిపించలేదు. మిషన్ ఇంట్లో ఉంది, మనిషి వారంలో సగం రాత్రులు గుంటూరు దారిలో ఉన్నాడు. నెలన్నర వాడారంటున్నారు గానీ అందులో ఎన్ని రాత్రులు వాడి ఉంటారు? ఈ జబ్బులో ఒక రాత్రి పెట్టి ఒక రాత్రి మానితే అలవాటు కాదు. రాత్రికి కనీసం 4 గంటలైనా, వారంలో ఎక్కువ రాత్రులు వాడితేనే వాడినట్టు లెక్క. మిషన్‌లో ఉండే కార్డులో ఎన్ని గంటలు వాడారు, మాస్కు ఎంత లీకయింది అన్నీ ఉంటాయి. అమ్మినవాళ్ల దగ్గరికో, డాక్టరు దగ్గరికో తీసుకెళ్లి చూపించమనండి. కొన్ని మోడళ్లకు లారీ బ్యాటరీ మీద నడిచే అడాప్టర్లు దొరుకుతాయి, మీ మోడల్‌కు దొరుకుతుందా అని అడగండి. దొరికితే క్యాబిన్‌లోనూ పెట్టుకోవచ్చు. ఇంట్లో కరెంటు భయానికి ఇన్వర్టర్ లైను ఆ ప్లగ్గుకు వేయిస్తే చాలు. ముక్కు ఎండిపోవడానికి మిషన్‌కు తడిగాలి ఇచ్చే నీళ్ల డబ్బా తగిలిస్తారు. మీవారికి అది ఇచ్చారో లేదో మీరు రాయలేదు. ఊపిరాడనట్టు ఉందనే వాళ్లకు మాస్కు సైజు మార్చి చూడాలి. ముక్కు వరకే ఉండేవి, ముక్కు రంధ్రాల దగ్గర ఆనేవి, నోరు కూడా కప్పేవి రకరకాలున్నాయి. ముక్కు దూలం వంకరగా ఉండి ముక్కే మూసుకుపోతుంటే ముందు దానికి వైద్యం చేస్తే మాస్కు భరించడం తేలికవుతుంది. ఇంకొక పని మీరే చేయించవచ్చు: సాయంత్రం టీవీ చూస్తూ, మెలకువలో, అరగంట మాస్కు పెట్టుకోమనండి. మాస్కు అంటే భయం ఉన్నవాళ్లకు ఇది చాలామందికి పనిచేస్తుంది.

ఇవన్నీ సరిచేసి నెల రోజులు గట్టిగా వాడినా ఊపిరాడనట్టే ఉందంటే, అప్పుడు మత్తు పరీక్షకు ఇంకో కారణం కూడా తోడవుతుంది. కొంతమందికి ఎపిగ్లాటిస్ వెనక్కి పడి దారి మూసేస్తుంది. అలాంటి వాళ్లకు మిషన్ గాలి సరిగా పనిచేయకపోవచ్చు, భరించలేకపోవచ్చు. అది కెమెరాలోనే బయటపడుతుంది.

నెల ఆగకుండా గురువారమే పరీక్ష చేయించుకోవడంలో తప్పేమీ లేదు. మీవారు ఇక ఎట్టి పరిస్థితుల్లోనూ మిషన్ ముట్టనని తేల్చేసుకొని ఉంటే ఆ నెల ఆగడం వృథా. పైగా ఆయన రోజూ లారీ ఎక్కే మనిషి. అయితే ఒకటి తెలిసి వెళ్లండి. మత్తు నిద్ర, మామూలు నిద్ర ఒకటి కావు. ప్రొపొఫాల్‌తో కలలొచ్చే దశ రాదు. ఆ దశలోనే చాలామందికి జబ్బు ముదురుతుంది. మత్తు ఎక్కువైతే జబ్బు లేనివాళ్ల గొంతూ మూసుకుంటుంది. ఒకే వీడియో చూసి ఇద్దరు డాక్టర్లు కొంచెం తేడాగా చెప్పడమూ ఉంది. కాబట్టి వీడియో కాపీ అడిగి తీసుకోండి, తర్వాత ఇంకొకరికి చూపించడానికి పనికొస్తుంది.

పరీక్షలో ఏం తేలితే ఏ దారి అంటారా? దవడ ముందుకు పట్టగానే దారి తెరుచుకుంటే, రాత్రి పూట పళ్లకు పెట్టుకొని కింది దవడను ముందుకు లాగి ఉంచే పరికరం పనిచేసే అవకాశం ఉంటుంది. మీవారిలా తీవ్రంగా ఉన్నవాళ్లకు అదొక్కటే చాలకపోవచ్చు. అంగిలి దగ్గరే ముందు నుంచి వెనక్కి మూసుకుంటుంటే అక్కడి ఆపరేషన్‌కు అర్థం ఉంది. నాలుక మొదట్లోనో, పక్క గోడల దగ్గరో మూసుకుంటుంటే అంగిలి ఒక్కటి కోసి లాభం తక్కువ. నాలుకను కదిలించే నరానికి పేస్‌మేకర్ లాంటిది అమర్చే వైద్యం కూడా వచ్చింది. అంగిలి దగ్గర చుట్టూ ముడుచుకుపోయే వాళ్లకు అది సాధారణంగా సరిపోదు. ఖరీదు కూడా చాలా ఎక్కువ, ఇప్పుడు మీరు దాని గురించి ఆలోచించే పని లేదు.

నేరుగా ఆపరేషన్ చేద్దామన్న డాక్టరు మాట నాకు నచ్చలేదు, కారణం చెప్తాను. అంగిలి, కొండనాలుక సరిచేసే ఆపరేషన్ కూడా 1981 నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. ఎవరికి చేయాలో ఎంచకుండా చేసిన రోజుల్లో సగం మందికి కూడా ఆశించిన మేలు జరగలేదు. పది పదిహేను రోజులు మింగాలంటే నరకంగా ఉంటుంది, కొద్దిమందికి తాగిన నీళ్లు ముక్కులోకి వస్తాయి. అన్నిటికన్నా నాకు భయం వేసేది ఇది: గురక తగ్గుతుంది, ఊపిరి ఆగడం అలాగే ఉండిపోవచ్చు. గురక వినబడటం లేదని మీరు నిశ్చింతగా నిద్రపోతారు, ఆయన లారీ తీస్తారు. మత్తు పరీక్ష చేసి ఎంచుకున్న ఆపరేషన్లు కచ్చితంగా మెరుగ్గా ఉంటాయా అంటే, అధ్యయనాలు ఇంకా రెండు రకాలుగా చెబుతున్నాయి. అయినా కోసే ముందు కోయాల్సిన చోటు చూడటం న్యాయం. ఏ ఆపరేషన్ చేయించినా మూడు నాలుగు నెలలకు మళ్లీ స్లీప్ స్టడీ చేయించాల్సిందే.

మీరు గురువారానికి ఒప్పుకుంటే చూసుకోవాల్సినవి: ముందు ఆరు గంటలు ఘన పదార్థం ఏదీ పెట్టకండి. కర్నూలు దాకా ప్రయాణం కదా, దారిలో ఆగి ఒక ప్లేటు ఉగ్గాని తింటే ఏమవుతుందిలే అనుకుంటారు. ఆ ఒక్క ప్లేటుతో పరీక్ష ఆపేయాల్సి వస్తుంది. ఆపకుండా చేస్తే తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, అది ఇంకా ప్రమాదం. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగవచ్చు. బీపీ మాత్రలు ఆ పొద్దున వేయాలా, షుగరు ఉంటే దాని మాత్రలు ఆపాలా అన్నది ముందుగానే అడిగి తెలుసుకోండి. నిద్రమాత్రలు, మందు అలవాటు ఉంటే దాచవద్దని మీవారికి మీరే చెప్పండి, డాక్టరు ముందు మగవాళ్లు ఈ ఒక్క విషయం దాస్తారు. మిషన్‌ను వెంట తీసుకెళ్లండి, పరీక్ష తర్వాత కోలుకునేటప్పుడు పనికొస్తుంది. ఆ రోజంతా, మర్నాడు అదే వేళ దాకా, ఆయన స్టీరింగ్ పట్టకూడదు. బైకు కూడా వద్దు. ఖర్చు సంగతి మీరు అడిగారు గానీ ఆసుపత్రిని బట్టి మారుతుంది. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏది వస్తుంది, ఏది రాదు అన్నది ఆ ఆసుపత్రిలో ఆ పథకం చూసేవాళ్లను ముందే అడగండి. కర్నూలు పెద్దాసుపత్రి గొంతు విభాగంలో కూడా ఒకసారి విచారించండి.

ఏ దారి పట్టినా వాయిదా వేయకూడని సంగతి ఒకటుంది, అది లారీ. వైద్యం చేయించుకోకుండా ఈ జబ్బుతో బండి నడిపేవాళ్లకు ప్రమాదాలు మామూలు వాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. ఘాట్‌లో జరిగింది హెచ్చరిక. కిస్తీలు ఉన్నాయి, బండి ఆపితే ఇల్లు గడవదు అని రాశారు, అర్థం చేసుకోగలను. కానీ మిషన్ కుదిరేదాకా రాత్రి ట్రిప్పులకు ఇంకో డ్రైవరును పెట్టుకోవడానికి అయ్యే జీతం, ఒక ప్రమాదానికి అయ్యేదానితో పోల్చలేం. అది కుదరని రోజు తెల్లవారుజామున బండి నడపకుండా చూడండి. ఆ వేళ నిద్ర మరీ ముంచుకొస్తుంది. రెప్పలు బరువెక్కితే టీ తాగి ముందుకు పోవడం కాదు, బండి పక్కకు ఆపి పడుకోవాలి. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకుంటే కొంత మేలు. బరువు 96 కిలోలన్నారు. పదో వంతు తగ్గితే ఊపిరి ఆగడాలు నాలుగో వంతు దాకా తగ్గవచ్చని ఒక పెద్ద అధ్యయనం అంచనా. థైరాయిడ్ పరీక్ష చేయించకపోయి ఉంటే అదీ చేయించండి, అది తక్కువగా ఉన్నా ఈ జబ్బు ముదురుతుంది.

ఈ లోపు ఇంట్లో పడుకున్న ఒక రాత్రి ఫోన్‌లో ఐదు నిమిషాల వీడియో తీయండి. ఛాతీ కదులుతూ గాలి శబ్దం రాని ఘట్టం అందులో పడాలి. మాటల్లో ఎంత చెప్పినా రానిది అందులో డాక్టరుకు కనిపిస్తుంది. మీవారికీ చూపించండి. ఆయన తన నిద్రను ఎప్పుడూ చూసి ఉండరు. "నువ్వెట్ల చెప్తే అట్ల" అన్న మనిషి దాన్ని చూశాక తన నిర్ణయం తనే తీసుకోవచ్చు. ఈ బరువు మీరొక్కరే మోయాల్సింది కాదు.

గురువారం వద్దనుకుంటే, నెల రోజులు మిషన్ సరిగా వాడి చూసి వస్తామని ఆ డాక్టరుకే ఫోన్ చేసి చెప్పండి, మొహమాటపడకండి. మత్తు పరీక్షకు అదేమీ ఆలస్యం కాదు. వెళ్లాలనుకుంటే అత్తమ్మను కూడా ఒక రోజు ముందు మత్తు డాక్టరు చూసేటప్పుడు వెంట తీసుకెళ్లండి. ఆ అబ్బాయి సంగతి ఆమె నోటితోనే చెప్పనివ్వండి, ఆమె అడిగినదానికి డాక్టరే జవాబు చెప్తారు.